చెరో వైపు బ్రేకులు

శనివారం పొద్దున్న కొరాపుట్‌లో మంచు ఇంకా విడలేదు. గంగరాజు ఇంటి ముందు పాత అంబాసిడర్ కారు ముందు చక్రాలు రెండూ ఊడదీసి ఉన్నాయి. రోడ్ల శాఖ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి కనుక ఆ కారు మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వడు. మర్నాడు ఘాట్ రోడ్డు దిగి సాలూరు వెళ్ళి, తుంటి విరిగి బస్సెక్కలేని అక్క సింహాచలమ్మను తెచ్చుకోవాలి. తల్లి పోయాక ఆయన్ని పెంచి పెద్దచేసినది ఆవిడే. తీరా చూస్తే బ్రేకుల్లో చక్రాన్ని పట్టి ఆపే లైనింగు అరిగిపోయి, తొక్కినప్పుడల్లా ఇనుము ఒరుసుకున్న చప్పుడు.

లైనింగు అతికించిన కొత్త బ్రేకు షూలు కావాలని ఆయన ఒక్కసారే అన్నాడు. వచ్చినవి మాత్రం రెండు సెట్లు.

దామంజోడి ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు రమణమూర్తి విశాఖపట్నం నుంచి ఒకటి తెప్పించాడు. రాయగడలో మోటారు సామాన్ల దుకాణం నడిపే అల్లుడు జగ్గారావు తన కొట్లోంచి ఇంకొకటి పట్టుకుని, భార్య రామతులసితో సహా దిగాడు.

"నాన్నా, ఇవి మెత్తటి లైనింగు. తొక్కగానే పట్టేస్తాయి," అన్నాడు రమణమూర్తి.

"నావి గట్టివి మావయ్యా. ఓసారి ఏస్తే మళ్ళీ సూసుకోనక్కర్లేదు," అన్నాడు జగ్గారావు.

గంగరాజుకి చూడగానే సంగతి తెలిసింది. గట్టి లైనింగు రాయగడ ఎండలకి బాగానే ఉంటుంది. ఈ కొండమీది చలికి, తడికి, అది వేడెక్కేదాకా సరిగ్గా పట్టదు. ఘాట్ దిగడానికి కొడుకు తెచ్చినవే మేలు. కానీ ఆ మాట నోట్లోంచి రావాలి కదా! అల్లుడు తెచ్చినదాన్ని వద్దనడం ఆ ఇంటా వంటా లేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా జగ్గారావు గుమ్మం ఎక్కితే మామగారు కుర్చీలోంచి లేచి నిలబడతాడు. అల్లుడు కూర కొంచెం పక్కకి జరిపితే చాలు, అత్తగారు సత్యభామ మళ్ళీ పొయ్యి వెలిగిస్తుంది. పోనీ కొడుకుని నొప్పిద్దామా అంటే, రమణమూర్తి చిన్న మాటకే మూతి ముడుచుకునే రకం.

అందుకని ఆ పెద్దమనిషి ఏం చేశాడంటే, ఇద్దరినీ కాఫీకి లోపలికి పంపి, ఎడమ చక్రానికి కొడుకువి, కుడి చక్రానికి అల్లుడివి బిగించేశాడు. పెళ్ళిలో ఆడపెళ్ళివారికీ మగపెళ్ళివారికీ చెరో వైపు కుర్చీలు వేసినట్టు! ఇదే పని వర్క్‌షాపులో ఇంకెవరైనా చేసి ఉంటే ఆ రోజే ఇంటికి పంపించేవాడు. రెండూ మంచి సరుకే, ఒక్క ప్రయాణానికి ఏమవుతుందిలే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

"ఓ రౌండు ఏసొద్దాం, ఎక్కు," అని భార్యని పిలిచాడు.

గుడి కింద వాలులో, రోడ్డుకి ఎడమ పక్కన ఇద్దరు గిరిజన స్త్రీలు నెత్తిన దుంపల గంపలతో నడుస్తున్నారు. గంగరాజు బ్రేకు తొక్కాడు. ఎడమ చక్రం పట్టింది, కుడిది పట్టలేదు. కారు ఒక్కసారిగా వాళ్ళ వైపు లాక్కుపోయింది. వాళ్ళు గెంతి తప్పుకున్నారు కనుక సరిపోయింది. ముందు చక్రం కాలువలో పడి బండి ఆగింది. దుంపలు రోడ్డంతా దొర్లాయి.

వాళ్ళిద్దరూ తమ దేశియా భాషలో చెడామడా తిట్టారు. తిట్టరూ మరి! సత్యభామ దిగి, కుచ్చిళ్ళు ఎగదోపి, దుంపలన్నీ ఏరి గంపల్లో వేసి వాళ్ళకి చేతులు జోడించింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"ఏటి సేసేరండీ బండికి?"

ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దాచడం కూడా చేతకాని మనిషి.

దారిన పోయేవాళ్ళు తలో చెయ్యి వేస్తే కారు పైకొచ్చింది. మొదటి గేరులోనే మెల్లగా ఇల్లు చేరారు. దారిపొడుగునా ఆవిడ తలుపు పిడి పట్టుకునే కూర్చుంది. వాకిట్లో కొడుకునీ, అల్లుడినీ, కూతురినీ చూడగానే మాత్రం కట్ట తెగింది.

"అందరూ ఇనండి! మీ నాన్న ఓ పక్క కొడుకువి, ఓ పక్క అల్లుడివి ఏసేరు. ఎందుకూ అంటే, ఎవుల్నీ నొప్పించకూడదంట! ఆ ఆడోళ్ళు గెంతకపోతే ఈపాటికి మనం ఎక్కడుందుము? రేపు ఘాట్‌లో ఇదే అయితే? తుంటిరిగిన వదినని లోయలో పడేద్దుమా? మనుసుల పేనాల కన్నా మీ మొగమాటం ఎక్కువైపోనాదా?"

గంగరాజు తల వంచుకున్నాడు. "తప్పయిపోనాదే."

"అది సాలదు. ఏవి ఉంచుతారో, ఏవి తీస్తారో ఇప్పుడే సెప్పండి. అందరి ముందరా సెప్పండి."

రమణమూర్తే మూతి ముడుచుకుని, "నావే తీసేయ్ నాన్నా. బావవి ఉంచు," అన్నాడు. బావ ముందు తన మాట నెగ్గకపోవడం అతనికి కొత్త కాదు.

"సరేరా" అన్న మాట గంగరాజు నాలిక చివరిదాకా వచ్చింది. వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చోబోయే అక్క కళ్ళ ముందు మెదిలింది. ఆ మాట మింగేశాడు.

"కాదు. నీవే ఉండాలి," అని అల్లుడి వైపు తిరిగాడు. చేతులు నులుముకున్నాడు. "అల్లుడుగారూ, మీ సరుకు మంచిదే. కాని ఈ సలికి పట్టదు. మీవి... వద్దండి."

రామతులసి మొగుడి మొహంలోకి చూసింది. జగ్గారావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సత్యభామ గాభరాపడి ముందుకొచ్చింది. "బాబూ, ఏటీ అనుకోకండి. ఆయనకి మాటాడ్డం రాదు."

"అనుకోడానికేటుందత్తా!" అన్నాడు జగ్గారావు. "మా నాన్న పోయిన కాడ్నించీ నాకు వద్దని సెప్పినోడు లేడు. ఈ ఇంట్లో నాను ఏటి తెచ్చినా బాగుందంటారు, ఏటి సేసినా సరేనంటారు. మూర్తికైతే తిట్లు పడతాయి. నాకు మర్యాదలు! సుట్టంలాగ వస్తన్నాను, సుట్టంలాగ పోతన్నాను. ఈయేళ మావయ్య నాకు నిజం సెప్పేరు. ఆ 'అండి' కూడా తీసేస్తే, మీకు దణ్ణం ఎడతాను."

గంగరాజు అల్లుడి భుజం పట్టుకున్నాడు. కొడుకుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "తిట్లే కావాలంటే నా వాటా కూడా నువ్వే తీసుకో బావా," అన్నాడు.

జగ్గారావు కళ్ళు తుడుచుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, తను తెచ్చినవి తానే విప్పుతానని కుడి చక్రం దగ్గర కూర్చున్నాడు. జాకీ కింద పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. కారు కాస్త ముందుకి కదిలింది. గంగరాజు నోరు తెరిచి, అలవాటుగా ఒక్క క్షణం ఆగి, ఇక ఆగలేకపోయాడు.

"ఎనక సక్రానికి రాయి అడ్డు ఎట్టకుండా జాకీ ఎత్తుతావేట్రా జగ్గా! బుర్ర ఇంటికాడ ఒగ్గీసి వచ్చేవా?"

"తప్పయిపోనాది మావయ్యా," అన్నాడు జగ్గారావు. రాయి కోసం పరిగెత్తుతున్న భర్త మొహంలో అంత సంతోషం రామతులసి పెళ్ళయ్యాక ఇదే చూడటం.