అవతలి గట్టు కేక

సావిత్రి పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అలవాటు కొద్దీ పెరటివైపు చెవి ఒగ్గింది. ఏమీ వినబడలేదు. పంపు దగ్గర గిన్నెలు కడుగుతున్న కోడలు సాయిదుర్గ పెదవులు మాత్రం కదులుతున్నాయి. అత్తగారు చూస్తోందని తెలియగానే అవీ ఆగిపోయాయి.

మొన్నమొన్నటిదాకా వట్లూరులోని ఆ ఇంట్లో పొద్దుటిపూట చెవులు చిల్లులు పడేవి. సాయిదుర్గా, ఆమె ఆడపడుచు ప్రియాంకా ఇద్దరూ బ్యాంకు ఉద్యోగాల పరీక్షకి చదువుతున్నారు. చదువంటే గదిలో తలుపేసుకుని కూర్చునే చదువు కాదు. వంటింట్లో కూర తరుగుతూ ఒకరు "స్పెక్!" అని కేకేస్తే, పెరట్లో బట్టలారేస్తున్న రెండోవాళ్ళు "చూడటం! ఇన్‌స్పెక్ట్, స్పెక్టేటర్, ప్రాస్పెక్ట్!" అని అందుకోవాలి. ఇంగ్లీషు మాటలకి లాటిన్లోనూ గ్రీకులోనూ మూలాలుంటాయట. ఒక్క మూలం పట్టుకుంటే దాని పిల్లా మేకా అంతా వెనకాలే వచ్చేస్తాయట. డిక్షనరీ బట్టీ పట్టక్కర్లేదట. "ఇది ఇల్లా, వేలంపాటా?" అని సావిత్రి భర్త శేషగిరిరావు పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు గానీ, కేక ఆలస్యమైతే పేపరు పక్కనుంచి తొంగిచూసేది కూడా ఆయనే.

ఆ పద్ధతి సాయిదుర్గ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. కొల్లేటి పక్క ఊళ్ళో వాళ్ళ నాన్న చేపల చెరువు చేస్తాడు. చేపలు పట్టే రోజున చెరువుకి అడ్డంగా పెద్ద వల వేసి, రెండు గట్ల మీదా మనుషులు నిలబడి లాగుతారు. ఈ గట్టువాళ్ళు కేకేస్తే ఆ గట్టువాళ్ళు బదులు కేకేస్తారు. అప్పుడు ఇద్దరూ ఒక్కసారి లాగుతారు. బదులు రాకపోతే ఎంత బలమున్నా లాగరు. ఒకవైపే లాగితే వల ఏటవాలుగా పోయి చేపలన్నీ కిందనుంచి జారిపోతాయి.

"నా బుర్రా అంతే ప్రియా. డిగ్రీదాకా తెలుగు మీడియం. ఒక్కదాన్నే గుంజుకుంటే ఒక్క మాటా నిలవదు. నువ్వు నాకు అవతలి గట్టు" అనేది సాయిదుర్గ. ఇంజనీరింగ్ చదివిన ప్రియాంక నవ్వుతూ ఒప్పుకుంది. మొదట సరదాకి ఒప్పుకుంది, తరవాత అది లేకపోతే ఆ పిల్లకీ తోచేది కాదు.

అంతలో, నెగ్గితేనే రెండోది రాయనిచ్చే మొదటి పరీక్ష ఫలితాలు వచ్చాయి. వదిన గట్టెక్కింది. ఆడపడుచు తప్పింది.

ప్రియాంక ఆ రోజంతా ఏడ్చి, మర్నాటికి కళ్ళు తుడుచుకుని లేచింది. కానీ తల్లి మనసు లేవలేదు. ఆ ఇంటికి ఒక అలవాటుంది. ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ళ ముందు ఆ ఊసే ఎత్తరు. గుండుగొలను దగ్గర వాళ్ళ వరిచేను తుఫానులో మునిగిన ఏడాది, మళ్ళీ పంట చేతికొచ్చేదాకా శేషగిరిరావు దగ్గర ఎవరూ ఆ చేను మాట అనలేదు. అదే మర్యాద, అదే ప్రేమ అని సావిత్రి నమ్మకం. అందుకే మర్నాడు పొద్దున్నే కోడల్ని వంటింట్లో పక్కకి పిలిచింది.

"అమ్మా సాయీ, చదువుకోవద్దని అనట్లేదు. ఆ కేకలు మాత్రం కొన్నాళ్ళు వద్దమ్మా. దాని మనసు కుదుటపడేదాకా."

"అలాగేనండీ అత్తయ్యగారూ" అంది సాయిదుర్గ. ఆ పిల్ల ఎప్పుడూ అంతే, అడిగిన వెంటనే తలూపేస్తుంది.

ఇక అప్పటినుంచీ ఇల్లు నిశ్శబ్దం. ఆదివారమే రెండో పరీక్ష, తాడేపల్లిగూడెంలో. వయసు లెక్కన సాయిదుర్గకి ఇదే ఆఖరి అవకాశం. ఇది పోతే మళ్ళీ రాయనివ్వరు. ఆ సంగతి సావిత్రికి తెలుసు. తెలిసీ కోడలి పెదవుల వంక చూస్తూ, ప్రియాంక గది తలుపు వంక చూస్తూ, రెంటి మధ్యా గడపలో నిలబడ్డట్టు రోజులు గడుపుతోంది. ఆ ఆలోచనల్లోనే పొయ్యి మీది పాలు పొంగిపోయాయి.

"అత్తయ్యగారూ, పాలు!" సాయిదుర్గ పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. గుడ్డతో గట్టు తుడుస్తూ, తలెత్తకుండా మెల్లిగా అంది. "ఒక మాటండీ. ఈసారికి పరీక్ష మానేద్దామనుకుంటున్నానండీ."

"అదేవిటే?"

"ఫోన్లో మాక్ టెస్టులు రాస్తున్నాను కదండీ. రోజురోజుకీ మార్కులు తగ్గిపోతున్నాయి. నిన్న చదివిన మాట ఇవాళ గుర్తుండట్లేదు. మావారు తణుకులో డ్యూటీ చేసుకుని వచ్చేసరికి అలిసిపోయి ఉంటారు, ఆయన్నేం అడుగుతాను? వెళ్ళి తప్పడం కన్నా, మానేస్తే ప్రియకీ కొంచెం..."

'అయ్యో, మానెయ్యడమేవిటి' అనాలి సావిత్రి. నోటిదాకా వచ్చింది. కానీ దానికన్నా ముందు గుండెలో ఏదో తేలికపడింది. కూతురొక్కతే తప్పిందన్న మాట ఉండదు. ఇల్లు సమానమైపోతుంది. ఆ తేలికతనం ఏమిటో అర్థం కాగానే సావిత్రికి ఒళ్ళు జలదరించింది.

"సాయంత్రం మాట్లాడుకుందాం" అని మాత్రం అంది.

మధ్యాహ్నం పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. శేషగిరిరావు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మంచినీళ్ళు తాగి, ఎవరూ ఏమీ అనకముందే మజ్జిగ పోసుకున్నాడు. ప్రియాంక కంచం ముందు తలొంచుకుని తిని వెళ్ళిపోయింది. నలుగురు మనుషులు కూడిన చోట గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఏవండీ" అంది సావిత్రి, పిల్లలు లేవగానే. "నాకు భయంగా ఉందండీ. ఒకదాన్ని కాపాడబోయి ఇంకోదాన్ని ముంచేస్తున్నానేమో."

"నువ్వేం ముంచావు?" అన్నాడాయన. ఆవిడ కంచాలు ఎత్తుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఎండ వాలుతుండగా ప్రియాంక ఆరిన బట్టలు తేవడానికి మేడమీదికి వెళ్ళింది. కాసేపటికి మెట్ల మీద దబదబమని అడుగులు. చేతిలోని బట్టలు సగం మెట్ల మీదే జారిపోయాయి.

"అమ్మా! వదిన మేడమీద ఏం చేస్తోందో తెలుసా నీకు?"

"ఏం చేస్తోందే?" సావిత్రి గబగబా మెట్ల దగ్గరికి వచ్చింది.

"వాటర్ ట్యాంకుకి ఇవతల నిలబడి 'క్రెడ్' అంటోంది. అవతలికి వెళ్ళి తనే 'నమ్మకం' అంటోంది. మళ్ళీ ఇవతలికొస్తోంది. నా మాటలూ తనే, తన మాటలూ తనే! అదీ గుసగుసగా, దొంగతనం చేస్తున్నట్టు. అలా చెయ్యమని ఎవరు చెప్పారు తనకి?"

వెనకే సాయిదుర్గ దిగి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "ఎవరూ చెప్పలేదు ప్రియా. నాకే అలా అయితే కుదురుగా..."

"అబద్ధాలాడకండి వదినగారూ!"

ప్రియాంక ఆమెని 'మీరు' అనడం పెళ్ళైన కొత్తలో తప్ప ఎప్పుడూ లేదు. సాయిదుర్గ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఫలితాలొచ్చిన రోజు ఏడ్చాను, నిజమే" అంది ప్రియాంక. "మర్నాడు బట్టలారేస్తూ మీ కేక కోసం చూశాను. రాలేదు. ఆ మర్నాడూ చూశాను. తప్పినదానితో ఇంకేం పనిలే అనుకున్నారనుకున్నాను. పరీక్ష తప్పడం కన్నా ఆ నిశ్శబ్దమే ఎక్కువ నెప్పెట్టింది నాకు. మీరంతా నన్ను మనుషుల్లోంచి తీసేసినట్టుంది."

"అయ్యో, పుండుమీద కారం చల్లినట్టు ఉంటుందేమోనని ఊరుకున్నాను గానీ, నువ్వంటే..."

"తన్నేమీ అనకే" సావిత్రి అడ్డుపడింది. "కేకలొద్దన్నది నేను."

ప్రియాంక తల్లివైపు తిరిగింది. సావిత్రి అక్కడితో ఆగిపోవచ్చు. సగం నిజం చెప్పేసి పమిటతో కళ్ళొత్తుకుంటే ఆ పూటకి సరిపోయేది. కానీ పొద్దుటినుంచీ లోపల దాచుకున్నది ఇక ఆగలేదు.

"అంతే కాదు. ఇవాళ పొద్దున్న తను పరీక్ష మానేస్తానంది. నేను వద్దనలేదే. మానేస్తే మానెయ్యనీ, నీకు తోడుంటుంది అనిపించింది. ఒక్క క్షణమే అనిపించింది. కానీ అనిపించింది. కోడలు పరీక్ష తప్పాలని కోరుకున్నాను, చూడు, నేనూ ఒక అత్తగారినే!" సావిత్రి మెట్టుమీద కూలబడి భోరుమంది.

అంతా వింటూ కుర్చీలో కూర్చున్న శేషగిరిరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"సావిత్రీ, మన చేను మునిగిన ఏడాది గుర్తుందా? నా ముందు ఎవరూ ఆ మాటెత్తలేదు. నా మంచికేనని నాకూ తెలుసు. కానీ 'చేను ఎలా ఉందండీ' అని ఒక్కళ్ళు అడిగితే బాగుణ్ణు అని ఏడాదంతా అనిపించింది. అడిగితే ఏడ్చేవాణ్ణేమో. ఏడిస్తే ఏం పోయేది?"

సావిత్రి తెల్లబోయి భర్త వంక చూసింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆయన మౌనాన్ని ధైర్యమనుకుని తను ఎంత గర్వపడిందో!

సాయిదుర్గ వచ్చి అత్తగారి పక్కన మెట్టుమీద కూర్చుంది.

"నాకు పొద్దున్నే అర్థమైందండీ. మీరు వెంటనే వద్దనలేదు కదండీ."

"కోపం రాలేదుటే?"

"వచ్చిందండీ. అందుకే ఉప్పు రెండుసార్లు పడింది."

ఏడుపు మధ్యలో సావిత్రికి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో మళ్ళీ ఏడుపొచ్చింది. ప్రియాంక మెట్ల మీద పడ్డ బట్టలు ఒక్కొక్కటే ఏరుకుంటూ, వదినవైపు చూడకుండా, విసురుగా అంది.

"క్రెడ్!"

సాయిదుర్గ తడబడింది. "న... నమ్మకం. క్రెడిట్, క్రెడిబుల్..."

"ఇంకోటి!"

"ఇన్‌క్రెడ్యులస్!"

"ఊఁ. వల ఇంకా చిరగలేదులే" అంది ప్రియాంక, ముక్కు ఎగబీలుస్తూ.

ఆదివారం పొద్దున్న ఏలూరు స్టేషన్లో నలుగురూ నిలబడ్డారు. కొడుక్కి ఆ రోజూ తణుకులో డ్యూటీ ఉండటంతో, శేషగిరిరావు కోడలికి తోడుగా తాడేపల్లిగూడెం వెళ్తున్నాడు. మిగిలిన నాలుగు రోజుల్లో పోయిందంతా తిరిగొచ్చిందని ఎవరూ అనుకోలేదు. కొన్ని మాటలు ఇంకా జారుతూనే ఉన్నాయి. సాయిదుర్గ చేతులు చల్లగా ఉన్నాయి. సావిత్రి ఆ చేతుల్ని తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దుతూ, దేవుళ్ళందరినీ వరసగా పిలుస్తోంది. ఈసారి ఆ మొక్కులో ఏ లోపలి మాటా లేదు. రావాలి, ఈ పిల్లకి ఉద్యోగం రావాలి, అంతే.

రైలొచ్చింది. సాయిదుర్గ కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదిలేదాకా ప్రియాంక కిటికీ ఊచలు పట్టుకుని ప్రశ్నిస్తూనే ఉంది. కదిలాక పక్కనే నడుస్తూ "లోక్వ్!" అని అరిచింది.

"మాట్లాడటం! ఎలొక్వెంట్, లొక్వేషస్..." మూడో మాట రైలు చప్పుడులో కలిసిపోయింది. ప్లాట్‌ఫారం మీద జనం వింతగా చూశారు.

రైలు కనుమరుగయ్యాక ప్రియాంక చేతులు వేలాడేసుకుని పట్టాలవంక చూస్తూ నిలబడిపోయింది. ఇంతసేపూ వదిన కోసం దాచుకున్న దిగులు ఇప్పుడు మొహంలోకి వచ్చింది. ఆ రైలు తను కూడా ఎక్కాల్సింది. సావిత్రి ఆ మొహం చూసింది. పాత సావిత్రి అయితే 'పద, ఎండెక్కుతోంది' అని మాట మార్చేసేది.

"బాధగా ఉందిటే అమ్మా?" అని అడిగింది.

"చాలా ఉందమ్మా" అంది ప్రియాంక. అని, తల్లి భుజం మీద తలపెట్టి, సిగ్గుపడకుండా ఏడ్చింది. సావిత్రి ఆపలేదు. వీపు నిమురుతూ నిలబడింది.

ఏడుపు తెరిపినిచ్చాక, తల్లి గొంతు సవరించుకుంది. నెలల తరబడి పప్పు గిన్నెల మధ్య విన్న మాటల్లో ఒక్కటి ఆవిడకి బాగా గుర్తుంది. మంచి అని దాని అర్థమని పిల్లలు అరిచేవారు.

"బెనె!" అని కేకేసింది సావిత్రి, స్టేషనంతా వినబడేలా.

ప్రియాంక తలెత్తి చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"నీకు వచ్చే ఏడు ఉందిగా. అవతలి గట్టున నేనుంటాను. ఊఁ, చెప్పు. బెనె!"

"మంచి" అంది ప్రియాంక. ముందు మెల్లిగానే అంది. ఈసారి గట్టిగా అంది. "మంచి! బెనిఫిట్, బెనెవలెంట్, బెనెడిక్షన్!"