పాతర నోటి కాడ

చవకరకం వీడియో గేమ్‌లు కొని, ఒకటి రెండు గంటలు ఆడి, కొనొచ్చో లేదో తెలుగులో చెప్పడం నా యూట్యూబ్ ఛానెల్ పని. పెనుకొండలో మా ఇంటి ముందుగదే నా స్టూడియో. చూసేవాళ్లు తొమ్మిది వేలకు కాస్త పైన ఉంటారు. అందరూ నాలాగే చేతిలో పైసలు ఆడనివాళ్లు. అందుకే “అమృతక్క వద్దంటే వద్దు” అని నా మాట మీద వాళ్లకు గురి.

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం. అమ్మా నాయనా పెళ్లికని హిందూపురం పోయారు. ఇంట్లో నేనూ, మా అవ్వ నారాయణమ్మా. ఎండ తాళలేక కిటికీలన్నీ మూసేసి, ఫ్యాను పెట్టుకుని, కొత్త గేమ్ తెరిచాను. పేరు ‘నైన్ రోప్స్’. ధర నూటనలభై తొమ్మిది. నేలమాళిగలు ఒకదాని కింద ఒకటి తొమ్మిది ఉంటాయి. దిగాలి, రాక్షసుల్ని కొట్టాలి, నిధి పైకి తేవాలి.

బొమ్మలు నాసిరకం. మొదటి అంతస్తులో చచ్చిన అస్థిపంజరమే మూడో అంతస్తులో రంగు మార్చుకుని మళ్లీ వచ్చింది. “ఇంతకంటే మా అటక మీద వెరైటీ ఎక్కువుంది” అని మైకులో అనేశాను. ఒక్క సంగతి మాత్రం నచ్చింది. ఇందులో మనం దిగం. గుండ్రటి కంత పక్కన కూర్చుని, కూలికి కుదిరిన మనిషి నడుముకు తాడు కట్టి దింపుతాం. మౌసుతో తాడు కదిపితే లోపలివాడు తిరిగి ఒకసారి కదుపుతాడు. కదిపాడంటే బతికున్నట్టు. కింద నల్లటి చీకటి, అందులో చిన్న దీపం, తాడు రాసుకునే కిర్రు చప్పుడు. ఈ ధరకు అది చాలనుకున్నాను.

చెవులకు చెమటలు పడుతున్నాయని హెడ్‌ఫోన్స్ తీసి స్పీకర్ పెట్టాను. ఆ చప్పుడుకేమో అవ్వ లేచి వచ్చి నా వెనక నిలబడింది.

“ఏం పాపా, పాతర్లోకి మనిషిని దింపుతాండావా?”

పాతరంటే ధాన్యం దాచడానికి భూమిలో తవ్విన గొయ్యి. నోరు ఇరుకు, లోపల గది అంత వెడల్పు. జొన్నలు పోసి, బండ మూసి, మట్టి మెత్తేవాళ్లు. నెలల తర్వాత తెరిస్తే లోపల గాలి చెడిపోయి ఉంటుంది. అందుకని ముందు దీపం దింపి చూస్తారు. ఆరకపోతేనే ఒకడు తాడు కట్టుకుని దిగుతాడు. పైన ఒకరు కూర్చుని “ఉండావా?” అని పిలుస్తూనే ఉండాలి. కిందివాడు “ఉండా” అనాలి. పలక్కపోతే వెంటనే తాడు లాగెయ్యాలి.

మా తాత హనుమంతప్ప అట్లా దిగే పోయాడు. పైన కూర్చుని పిలుస్తున్నది అవ్వే. ఇంట్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చూసొద్దామని లేచింది. ఆ బిడ్డ మా నాయన. తిరిగొచ్చేసరికి తాత పలకలేదు. అవ్వకప్పుడు ఇరవయ్యేళ్లు. ఇప్పుడామె పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోతుంది, ఆ రోజు మాత్రం మరవదు. గుండె బలహీనంగా ఉంది, కలత పడనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నన్ను పెంచింది ఆమే. ఆమెకేమన్నా అయితే నేను తట్టుకోలేను.

“ఇది ఉత్తుత్తి ఆటవ్వా. పో, పండుకో” అన్నాను.

“ఆటైతే మాత్రం? మనిషిని దింపి ఊరకుంటారా ఎవరన్నా? పిలువు.”

నవ్విద్దామనే అనుకున్నాను. అదే నేను చేసిన తప్పు. మైకు దగ్గరికి వంగి, “ఏమప్పా, ఉండావా?” అన్నాను.

ఆ ఆటకు మన మాట వినే ఏర్పాటేమీ లేదు. వివరాలన్నీ ముందే చదివాను.

“ఉండా” అంది స్పీకర్.

అవ్వే అందనుకుని వెనక్కి తిరిగాను. అవ్వ నోరు కొంచెం తెరుచుకుని ఉంది, మాట రావడం లేదు. ఆట శబ్దం మొత్తం సున్నాకు తగ్గించాను. తాడు కిర్రు ఆగిపోయింది. ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది. గదిలో ఏదో వాసన... మాగిన జొన్నల పులుపు వాసన, వెచ్చగా, గొంతులో పట్టుకునేట్టు.

“ఉండావా?” ఈసారి పిలిచింది అవ్వ.

“ఉండా.”

“ఇంక చాలు, ఆపేస్తానవ్వా” అన్నాను.

“పిలిచేది మొదులుపెడితివి కదమ్మా” అంది గుసగుసగా. “మనిషి పైకొచ్చేదాకా ఆపగూడదు.”

నన్ను పక్కకు నెట్టి కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ వణికే గొంతు ఇప్పుడు వణకలేదు. పడుచుపిల్ల గొంతులా ఉంది.

“ఉండావా?”

“ఉండా.”

“గాలి ఆడతాండాదా?”

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత...

“ల్యాదు.”

తెర మీద అంతస్తుల లెక్క తొమ్మిది దాటింది. పది... పదకొండు... ఆటలో ఉన్నవే తొమ్మిది. మౌసు ఎవరి చేతిలోనూ లేదు, తాడు దానంతటదే జారుతోంది. దీపం చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఆరిపోయింది.

అవ్వ ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని తెరకేసి వంగింది. ముఖమంతా చెమట.

“ఊపిరాడకుండా ఉండాడు. నేనే దిగుతా...”

ఇక ఆలోచించలేదు. ల్యాప్‌టాప్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. తెర నల్లబడింది. అవ్వ నా వైపు చూసిన చూపు చచ్చేదాకా మరవను.

“మళ్లా ఆపేస్తిమి కదే పాపా...” అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నా ఒళ్లోనే సోలిపోయింది. మాత్ర వేసి, మంచం మీద పడుకోబెట్టి, ఊపిరి సరిగా ఉందని పదిసార్లు చూసుకున్నాను.

ఫోన్‌లోంచే ఆట వాపసు పెట్టాను. కారణం అడిగితే ‘నచ్చలేదు’ అని కొట్టాను. ఇంకేం రాయగలను? ధర్మవరం నుంచి ఎవరో మెసేజ్ పెట్టారు: “అక్కా, నైన్ రోప్స్ కొనొచ్చా?” రాక్షసుల గురించీ బొమ్మల గురించీ ఒక్క ముక్క రాయలేదు. “వద్దు. ఎవరన్నా ఊరికే ఇచ్చినా వద్దు” అని పెట్టి, అవ్వ మంచం పక్కనే చాప మీద వాలాను.

కళ్లు తెరిచేసరికి సాయంత్రం ఐదు. మంచం ఖాళీ. పరుగున వంటింట్లోకి పోయాను. అవ్వ తల దువ్వుకుని, చీర మార్చుకుని, పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు పెట్టుకుని నిలబడి ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆమె ముఖంలో ఏడుపు ఛాయ కూడా లేదు.

“ఇన్ని నీళ్లెందుకవ్వా, ఈ ఎండల్లో?”

“మీ తాతకు. నువ్వు నిద్రపోతివి, నేను పిలుస్తానే ఉంటి. పైకొస్తానన్యాడు” అంది సంబరంగా. “జొన్నదుమ్ము ఒళ్లంతా నవ పెడతాది పాపా. ఉడుకునీళ్లు పోసుకుంటే గానీ పోదు.”

ఆమె సంతోషం చూసి ఏడుపొచ్చింది. స్టవ్ ఆపేసి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

“అట్లా ఏం లేదవ్వా. తాత లేడు. ఇంట్లో మనమిద్దరమే ఉండాము.”

“మెల్లిగా మాట్లాడు” అంది అవ్వ.

గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉంది. అవ్వ చెయ్యి నా చేతిలోనే ఉంది. అవతల తలుపేసిన స్నానాల గదిలో ఎవరో చెంబుతో నీళ్లు పోసుకుంటున్నారు.