లైవ్‌లోకి వచ్చిన అమ్మ

శనివారం వచ్చిందంటే కాజీపేటలోని ఆ ఇంట్లో కుక్కర్ కూతకంటే ముందే "హలో, మైక్ చెక్" అన్న మాట వినిపిస్తుంది.

ముందు గదిలో ఉదయ్. బైకుల షోరూంలో ఉద్యోగం. వారానికి దొరికే ఒక్క సెలవునూ యూట్యూబ్‌కు సమర్పించేసి, బైబిలు పక్కన పెట్టుకుని క్రైస్తవ విశ్వాసం మీద గంటలు గంటలు మాట్లాడతాడు. వెనక గదిలో చెల్లెలు తేజస్వి. హనుమకొండలో ఫిజిక్స్ లెక్చరర్. దేవుడు లేడని చెప్పే పేజీ ఒకటి నడుపుతుంది. రెండు గదుల మధ్య వంటగది, అందులో వాళ్ళమ్మ మొగిలమ్మ. దేవుడి విషయంలో ఎంత తేడా ఉన్నా అన్నాచెల్లెళ్ళకు వైఫై ఒకటే, కూర ఒకటే.

నెల రోజులుగా ఆన్‌లైన్‌లో ఒకటే గొడవ. జనంలో మొక్కులు, తాయెత్తుల్లాంటి అన్యాచారాలు పెరిగిపోతున్నాయట. విశ్వాసం మీద నాస్తికులు గుమ్మరించిన వెటకారం వల్లే మనుషులు మళ్ళీ తాయెత్తుల దగ్గరికి, జాతరల దగ్గరికి పోతున్నారని క్రైస్తవులు. మీ ప్రార్థన నూనె సీసాలూ, మీ స్వస్థత కూటాలే దానికి దారి వేశాయని నాస్తికులు. నిజంగా పెరుగుతున్నాయో లేదో ఎవరూ లెక్కపెట్టలేదు. తప్పెవరిదో మాత్రం అందరికీ తెలుసు. ఆ రోజు పదకొండు గంటలకు అన్నాచెల్లెళ్ళ లైవ్ దాని మీదే.

మొగిలమ్మ ఉప్మా ప్లేటు తెచ్చి ఉదయ్ ముందు పెట్టింది.

"ఇద్దరు ఒక్కకాడ కూసోని మాట్లాడుకుంటే అయిపోయేదానికి, గోడకు అటొకలు ఇటొకలు ఏంది బిడ్డ?"

"డిబేట్ అంటే అట్లనే ఉంటదమ్మా. రెండు చానెళ్ళల్ల పోతది."

"మన సంఘపోళ్ళు గూడ చూస్తరా?"

"అందరు చూస్తరు. పాండురంగం పెద్దబాపు గూడ లింక్ పెట్టుమన్నడు."

పాండురంగం వాళ్ళ చర్చి సంఘంలో పెద్ద. ఆయన పేరు వినగానే మొగిలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. తడి లేని చేతులే. ఇంకేదో అడగబోయి, కొడుకు కళ్ళు స్క్రీన్ మీదికి పోవడం చూసి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

లైవ్ మొదలైంది. తెర మీద పక్కపక్కన రెండు మొహాలు, మధ్యలో సన్నటి గీత. మొదటి పావుగంట ఇద్దరూ గారు, గారు అనుకున్నారు. తర్వాత ఉదయ్ గొంతు పెంచాడు.

"మీరు నమ్మకాన్ని కూలగొడ్తరు, ఆ ఖాళీ జాగల ఏం పెట్టాలెనో చెప్పరు. అందుకే జనం మళ్ళ పాత మొక్కులకు పోతాన్రు."

"పోయేటోళ్ళు మావాళ్ళు కాదన్నా, మీవాళ్ళే. ఊరికె అంటలేను, ప్రూఫ్ ఉన్నది," అంది తేజస్వి.

ఆమె ఒక ఫోటో తెర మీద పెట్టింది. పొద్దున్నే ఎవరో ఫాలోవర్ పంపింది. మేడారం జాతరకు ఇంకా పది రోజులే. సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నవాళ్ళు తక్కెట్లో కూర్చుని, తమ బరువుకు సరిపడా బెల్లం తూయించి, దాన్నే బంగారమని అర్పిస్తారు. ఫోటోలో వరంగల్ బెల్లం దుకాణం. తక్కెడ ఒక పళ్ళెంలో బెల్లం ముద్దలు. రెండో పళ్ళెంలో ఇటు వీపు పెట్టి కూర్చున్న ఒక ఆడమనిషి. ఎవరూ గుర్తుపట్టకుండా తల నిండా శాలువా. ఒళ్ళో బియ్యం మూట ఒకటి.

"ఈమె చేతిసంచిల బైబిల్ ఉన్నదట. ఆదివారం చర్చిల, సోమవారం తక్కెట్ల. దీనికేమంటరు?"

కామెంట్లు పొంగుకొచ్చాయి. ఓడిపోతున్నానని ఉదయ్‌కు తెలిసిపోయింది. ఓడిపోయే మనిషికి వచ్చే కోపం అంతా ఇంతా కాదు.

"ఎవరైతే ఏంది? ఇసొంటోళ్ళు మావాళ్ళు కాదు. సంఘం పుస్తకంల పేరు కొట్టెయ్యాలె. ప్రభువు బల్ల రొట్టె ముట్టనియ్యొద్దు. రేపు చస్తే సమాధుల తోటల జాగ గూడ ఇయ్యొద్దు!"

వంటగదిలో గరిట ఆగిపోయింది.

మొగిలమ్మ భర్త నర్సయ్య పోయి పదకొండేళ్ళు. సమాధుల తోటలో ఆయన పక్కన ఆరడుగుల నేల ఖాళీగా ఉంది. తనకోసం దాన్ని ఉంచమని ఆమె అడిగింది, సంఘం సరేనంది. ఆమె తనకోసమని అడిగింది బతుకు మొత్తంలో అదొక్కటే. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడికి వెళ్ళి కాసేపు నిలబడి వస్తుంది.

స్టవ్ ఆపి ముందు గదిలోకి వచ్చింది. లైట్లూ కెమెరా ఏవీ ఆమెకు కనిపించలేదు. కొడుకు భుజం పట్టుకుంది.

"గా మనిషిని నేనే బిడ్డ. నీ కాళ్ళు మొక్కుత, నా జాగ తియ్యకు."

వేలమంది చూశారు. ఉదయ్ లాప్‌టాప్ మూసేశాడు. వెనక గదిలోంచి తేజస్వి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"నువ్వా?" అన్నాడు ఉదయ్. "ఇరవై ఏండ్లసంది సంఘంల ఉండి, ఎవరి కోసమమ్మా?"

"నీ కోసం. కరోనాల నీకు ఆక్సిజన్ అరవై ఎనిమిదికి పడిపాయె. ఆశలు పెట్టుకోవద్దన్నరు. యేసయ్యకు మొక్కిన. సమ్మక్కకు మొక్కిన. దవాఖాన్ల నర్సు కాళ్ళు గూడ మొక్కిన. నీకు భయపడి రెండు జాతరలు ఇడిసిపెట్టిన. ఇచ్చిన మాట గొంతుల ముల్లులెక్క ఉంటాంది, నిద్ర పడ్తలేదు."

"మరి ఆ బియ్యం మూట?" అంది తేజస్వి.

"మొక్కు వీని పేరు మీద. వీడు తక్కెట్ల కూసుంటడా? వీడు డెబ్బై నాలుగు, నేను యాబై రెండు. ఇరవై రెండు కిలోల బియ్యం ఒళ్ళె పెట్టుకుంటే వీని బరువంత అయింది."

ఉదయ్ తల పట్టుకున్నాడు. "నేను బతికింది ప్రార్థనతోని అమ్మా. సంఘమంతా ఉపవాసం ఉన్నది."

"ఆక్సిజన్‌తోని బతికినవ్," అంది తేజస్వి. అలవాటైన నోరు, ఆగలేదు.

"నువ్వు నోరు ముయ్యి. ఆ ఫోటో పెట్టింది నువ్వే కదా!"

"జాగ ఇయ్యొద్దన్నది నువ్వు!"

"ఇగో, మళ్ళ సురూ చేసిన్రు." మొగిలమ్మ నేల మీద కూలబడింది. "తేజూ, ఆనాడు దవాఖాన బయట నా చెయ్యి పట్టుకొని నువ్వేమన్నవ్ బిడ్డ? 'ఎవలకన్న మొక్కు అమ్మా, అన్న బతకాలె' అనలేదా?"

తేజస్వి మొహం పాలిపోయింది. అన్నది. ఆసుపత్రి మెట్ల మీద వెక్కివెక్కి ఏడుస్తూ అన్నది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ మాట గుర్తు రాలేదు.

ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. అమ్మ ముఖం ఉన్న ఆ అరనిమిషం అప్పటికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ముందు నీ చానెల్‌లో తీసెయ్యమని ఇతను, ముందు నీ చానెల్‌లోనే తీసెయ్యమని ఆమె. పాస్‌వర్డులు, వాదులాటలు, పావుగంట గడిచింది. అమ్మను లేపి మంచినీళ్ళు ఇవ్వాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. తలెత్తి చూసేసరికి అమ్మ లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది.

ఇంటి వెనక నూరు గజాల్లో రైలు పట్టాలు. ఆ మాట ఇద్దరూ పైకి అనలేదు. ఇద్దరూ అటే పరుగెత్తారు. ఒక గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. చివరి డబ్బా దాటేదాకా ఉదయ్ పట్టాల పక్కనే నిలబడ్డాడు. అవతల ఎవరూ లేరు. తేజస్వి చెప్పుల్లేని కాళ్ళతో కంకర మీద అటూ ఇటూ పరుగెత్తుతూ "అమ్మా" అని అరుస్తోంది.

ఉదయ్ పాండురంగానికి ఫోన్ చేశాడు.

"పెద్దబాపూ, అమ్మ మీ ఇంటికొచ్చిందా?"

"రాలేదు బిడ్డ. నేను లైవ్ చూసిన. మీ అమ్మ మొక్కు సంగతి నాకు మూడేండ్ల కిందనే చెప్పుకొని ఏడ్చింది. ప్రార్థన చేసి పంపిన. జాగ తీసేస్తమని మేమెవ్వలం ఏనాడు అనలే. ఆ మాట అన్నది నువ్వు ఒక్కనివే." ఆయనే మళ్ళీ, "నర్సయ్య కాడ చూడు," అన్నాడు.

చెల్లెల్ని ఎక్కించుకుని వచ్చిన బండిని సమాధుల తోట గేటు దగ్గర స్టాండు వెయ్యకుండానే వదిలేశాడు ఉదయ్. అది పక్కకు పడిపోయింది.

మొగిలమ్మ అక్కడే ఉంది. భర్త సమాధి పక్కన ఖాళీ నేలలో కూర్చుని, రెండు చేతులతో గడ్డి పీకుతోంది. వేళ్ళ సందుల్లో నెత్తురు. పిల్లలను చూసి బెదిరిపోయింది. తప్పు చేస్తూ దొరికిపోయినదానిలా చేతులు వెనక్కి దాచుకుంది.

ఆ బెదురు చూసి ఉదయ్ గుండె పగిలింది. తన తల్లి తనకు భయపడుతోంది. వేలమందికి ప్రేమ గురించి చెప్పిన నోటితోనే తను ఈమెను ఇక్కడిదాకా తరిమాడు. వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"తప్పయింది అమ్మా. నా పేరు కొట్టేసుకుంట, నువ్వు భయపడకు. నీ జాగ నీదే. పెద్దబాపు గూడ చెప్పిండు."

మొగిలమ్మ అతని వీపు నిమిరింది. కానీ నమ్మలేదు. ఏడిస్తే ఓదార్చడానికి ఎవరైనా ఏదైనా అంటారని ఆమెకు తెలుసు. తల ఎత్తి కూతురి వైపు చూసింది.

"తేజూ, నువ్వు నా మెప్పుకు మాట్లాడేదానివి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తవు. నువ్వు చెప్పు బిడ్డ. నేను పోయినంక మీ బాపు కాడికి పోతనా?"

తేజస్వికి జవాబు తెలుసు. వందసార్లు లైవ్‌లో చెప్పింది. మనిషి పోయాక ఏదీ ఉండదని, ఎవరూ ఎవరినీ కలవరని ఎంత ధీమాగా చెప్పేదో. ఉదయ్ తల ఎత్తి చెల్లెలి వైపు చూశాడు. అతని కళ్ళలో వాదన లేదు, బతిమాలడం ఉంది.

ఆమె కంకరకు చీరుకుపోయిన కాళ్ళతో వచ్చి తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మట్టీ నెత్తురూ అంటిన ఆ చేతులను తన చున్నీతో తుడిచింది.

"పోతవమ్మా," అంది. "బాపు నీకోసం ఎదురుచూస్తాంటడు."