అప్‌డేట్ వచ్చినప్పుడల్లా

“నువ్వమ్మిన డాంగిలే గిది! ఇంకెన్నిసార్లు సతాయిస్తది?”

కోస్గి బస్టాండు ఎదుటి కంప్యూటర్ షాపులో మెర్సీ లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టింది. బయట వాన. చున్నీ కొసల నుంచి నీళ్లు కారుతున్నా, నెట్ అందుకునే వైఫై డాంగిల్‌ను మాత్రం పిడికిట్లో పొడిగా దాచి తెచ్చింది.

“డాంగిల్ తప్పేం లేదు,” అన్నాడు షాపు ఓనర్ పరశురాం. “నీ లాప్‌టాప్‌ల ఉన్నది లినక్స్. అప్‌డేట్ వస్తే డాంగిల్ నడిపే సాఫ్ట్‌వేర్, గదే డ్రైవర్, పోతది. మళ్ల ఎక్కియ్యాలె.”

“వచ్చినప్పుడల్లా నేను రావాల్నా?”

“వస్తే ఏమైతది? చాయ్ తాగి పోవచ్చు.”

మన పరశురాం మహా గడుసువాడు. అప్‌డేట్ వచ్చినా డ్రైవర్ దానంతట అదే మళ్లీ తయారయ్యేలా పెట్టే పద్ధతి ఒకటుంది. వాడికి బాగా తెలుసు. పెట్టలేదు. పెడితే మెర్సీ రాదు కదా!

డ్రైవర్ దించాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. అందుకని తన ఫోన్‌ను కేబుల్‌తో ఆమె లాప్‌టాప్‌కు తగిలించి నెట్ ఇస్తాడు. ఆ కాసేపూ ఇద్దరూ మూరెడు కేబుల్‌కు చెరోవైపు కూర్చోవాల్సిందే. వాడికి ఇంకేం కావాలి?

ఈసారి మాత్రం మెర్సీ చాయ్ ముట్టలేదు.

“పొద్దుగాల మీటింగ్ నడుమ నెట్ పోయింది. ఇంకోసారి గిట్లయితే ఇంటికాడి నుంచి పని బంద్, హైదరాబాద్ ఆఫీసుకే రావాలన్నరు. హాస్టల్ చూస్కోవాలె.”

పరశురాం లెక్క వేసుకున్నాడు. ఎప్పట్లాగే చేస్తే ఆమె హైదరాబాద్ పోతుంది. సరిగ్గా చేస్తే షాపుకు రాదు. ఎటు చూసినా తనకే నష్టం. పోనీ, సరిగ్గా చేస్తే ఆమె ఉన్న ఊళ్లోనైనా ఉంటుంది. మనసు రాయి చేసుకుని ఆ పద్ధతి ప్రకారమే ఎక్కించాడు.

“ఇగ ఫికర్ లేదు. ఎన్ని అప్‌డేట్లొచ్చినా నడుస్తది. నువ్వు రానవసరం లేదు.”

“గంతేనా?” అని ఒక చూపు చూసి, మెర్సీ వానలోకి వెళ్లిపోయింది.

మళ్లీ అప్‌డేట్ వచ్చిన రోజు పరశురాం చూపంతా గుమ్మం మీదే. డాంగిల్ చెడిపోతే బాగుండునని ఒకసారి, ఛీ, నడవాలని ఒకసారి అనుకున్నాడు. సాయంత్రం మెర్సీ వచ్చింది. చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు.

“డాంగిల్ ఏది? పోయిందా?”

“ఇంట్ల ఉంది. మంచిగ నడుస్తాంది.”

“మరి?”

“గా పద్ధతి నాకెప్పుడో తెలుసు. నెట్‌ల చదివిన. నువ్వెప్పుడు చేస్తవో చూద్దామని ఊకున్న.”

“తెలిస్తే నువ్వే చేసుకోవచ్చు గదా?”

“చేసుకుంటే నీ షాపుకెట్ల రావాలె?”

పరశురాం కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్లీ లేచాడు.

“మరి హైదరాబాద్ ముచ్చట?”

“నిజమే. గప్పుడు గూడ నువ్వు సక్కగ చేయకపోతే, నేనే చేసుకుని మళ్ల నీ మొఖం చూడకపోదును. కోస్గి మొత్తం నిన్ను అన్నా అని పిలుస్తది. నేనొక్కదాన్నే పిలువలే. గది గూడ అర్థం కాలేదా నీకు?”

“నువ్వంటే నాకు పానం, మెర్సీ!”

“గీ మాట చెప్పనీకి గన్ని అప్‌డేట్లు పట్టినయా?” ఆమె కళ్లు తడిసినా నవ్వింది. “ఆదివారం చర్చి అయినంక ఇంటికి రా. ‘గా డాంగిల్ పిలగాడు ఎవడో చూస్త’ అన్నడు మా బాపు.”

పరశురాం తడబడుతూ రెండు చాయ్‌లు చెప్పాడు. ఈసారి మెర్సీ తాగింది.