గిల్‌వుడ్ హాల్ ముందు తలుపు

"రాజుగారిని మర్యాదగా ఇంటికి పంపించేద్దాం" అన్నాడు ఆంబ్రోస్, బల్ల మీద చెయ్యి ఆనించి.

"ఏ ఇంటికండీ? ఆయనకున్న ఇళ్లలో ఏదో ఒకటి మీరే ఎంచి చెప్పండి" అంది వెనక వరసలోంచి ఓ ఆడగొంతు.

థార్న్‌బెక్ గ్రంథాలయం మేడ మీది గది ఘొల్లుమంది. స్వెట్టర్లు అల్లుకుంటున్న ముసలమ్మల సూదులు ఆగిపోయాయి. అధ్యక్షుడు పికిల్స్ పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. నిశ్శబ్దం అంటూ గంట కొట్టాడు గానీ, ఆయన మీసాల కింద నవ్వు మాత్రం ఆగలేదు.

ఆ గొంతు హెటీ గ్రీన్‌వుడ్‌ది. పద్నాలుగో నంబరు బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి యూనిఫాంతోనే చర్చకు వచ్చేసింది. ఆ ఊళ్లో నెలకో గురువారం సాయంత్రం చర్చ జరుగుతుంది. ఈసారి విషయం, బ్రిటన్‌కు ఇంకా రాజు కావాలా అని. వద్దనే పక్షం ఆంబ్రోస్ లాక్‌టన్‌ది, కావాలనే పక్షం హెటీది.

చూస్తే తారుమారుగా ఉండాలి. ఆంబ్రోస్ కొండ మీది గిల్‌వుడ్ హాల్ అనే పాత బంగళాకు వారసుడు. వాళ్ల నాన్న పేరుకు ముందు 'సర్' ఉండేది. ఆయన పోయాక అది వంశపారంపర్యంగా కొడుక్కి వచ్చింది. కాగితాలు పంపి పేరు నమోదు చేయించుకుంటే చాలు. ఆంబ్రోస్ పంపలేదు. ఊరి బళ్లో పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పుకుంటున్నాడు.

హెటీ వంతు వచ్చింది.

"రాజు ఎవర్నీ ఓటు అడగడు. అందుకని ఎవరికీ అబద్ధాలు చెప్పే పని లేదు. పట్టాభిషేకం రోజున మా వీధివీధంతా రోడ్డు మీద బల్లలేసుకుని కలిసి తిన్నాం. పక్కింటి వాళ్లతో పదేళ్ల తగాదా ఆ పూటే తీరింది. రేపు రాజు బదులు ఎవరో అధ్యక్షుడొస్తే బల్లలేస్తారా మీరు?"

"వెయ్యం!" అన్నాయి అల్లికసూదులు.

"ఇక గొప్పిల్లు, పేదిల్లు అంటారా, అవన్నీ మా అమ్మమ్మ కాలంతోనే పోయాయి. నా బస్సులో సీటు లేకపోతే లార్డుగారైనా నిలబడే వెళ్లాలి."

ఓట్లు లెక్కపెడితే హెటీ గెలిచింది.

చర్చ అయ్యాక ఇరుపక్షాలవాళ్లూ కలిసి టీ కప్పులు కడగాలని అక్కడో ఆచారం. ఎంత తిట్టుకున్నా చివరికి ఒకే తొట్టిలో చేతులు పెట్టాలన్నమాట.

"మీకు కప్పులు కడగడం వచ్చా?" అంది హెటీ.

"ఎందుకు రాదు?"

"మీ ఇంట్లో ఇరవై రెండేళ్లు మా అమ్మమ్మే కడిగిందిగా. మీకు అవకాశం దొరికి ఉండదని."

ఆంబ్రోస్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఐవీ మీ అమ్మమ్మా? నాకు బూట్ల లేసు కట్టుకోవడం నేర్పింది ఆవిడే."

"సరిగ్గా నేర్పినట్టు లేదే. అదుగో, ఊడింది."

అతను గబుక్కున వంగి చూశాడు. ఊడలేదు. తల ఎత్తేసరికి ఆమె కళ్లలో నవ్వు కనిపించింది. ఆ నవ్వు తనకు నచ్చిందని అతనికి అప్పుడే తెలిసిపోయింది. హెటీకి తన మనసు సంగతి తెలియడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

చర్చ మర్నాటి నుంచే, కారున్న మనిషి బస్సెక్కడం మొదలుపెట్టాడు. బడి వదలగానే వచ్చి సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చునేవాడు. రాజభవనాల ఖర్చు గురించి అతను ఒక మాటంటే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఈమె ఇంకోటనేది. బస్సులో జనం అటు కొందరు, ఇటు కొందరు.

"డ్రైవరుతో మాట్లాడరాదు అని రాసుంది, చదవలేదా మాస్టారూ?"

"రాజాజ్ఞ అయితే నువ్వు వింటావేమో. నేను వినను."

ఓ శుక్రవారం సన్నగా జల్లు పడుతోంది. ఎర్ర దీపం దగ్గర బస్సు ఆగింది.

"ఎల్లుండి ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. పన్నెండున్నరకి. అమ్మకి నిన్ను చూపించాలి" అన్నాడు ఆంబ్రోస్.

"చూపించడానికి నేనేమన్నా గుర్రాన్నా?"

అతను నవ్వలేదు. "నాకు నువ్వంటే ఇష్టమని అమ్మకి చెప్పేశాను హెటీ. నీకు చెప్పడమే మిగిలింది."

దీపం పచ్చగా మారింది. బస్సు కదల్లేదు. వెనక కార్లు హారన్లు మోగించాయి. ముందు సీట్లోని ముసలాయన కర్రతో నేల తట్టి, "వస్తానని చెప్పమ్మా, నా మందుల షాపు మూసేస్తారు" అన్నాడు.

"వస్తాను" అంది హెటీ.

ఆదివారం అమ్మమ్మ ఐవీ ఆపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె చేసి, గుడ్డలో చుట్టి చేతికిచ్చింది. "పన్నెండున్నరంటే పన్నెండున్నరకే ఉండాలి. పాదాలు తుడుచుకో. పిలిచేదాకా లోపలికి వెళ్లకు" అని పదిసార్లు చెప్పింది.

కొండెక్కుతుంటే వాన పెద్దదైంది. హెటీ గేటు దాటి, గుర్రపుశాల పక్కగా నడిచి, తలుపు కొట్టింది. లోపల కుక్కలు మొరిగాయి. రేడియోలో ఎవరో పాడుతున్నారు. మళ్లీ కొట్టింది. చూరు నుంచి నీళ్లు మెడ మీద పడుతున్నాయి. ఫోను తీస్తే ఆ కొండ మీద సిగ్నల్ లేదు. ముప్పావుగంట నిలబడింది. రొట్టె చుట్టిన గుడ్డ తడిసి ముద్దయింది.

లోపల మనుషులున్నారు. వినబడుతూనే ఉంది. అయినా తియ్యలేదు. పనిమనిషి మనవరాలని తల్లికి చెప్పి ఉంటాడు, తల్లి వద్దని ఉంటుంది, మాట చెప్పడానికి ఇతనికి మొహం చెల్లలేదు. అలా అనుకుంటూ కొండ దిగిపోయింది. ఏడవలేదు గానీ, ఇంటికొచ్చి ఆ రొట్టెని మాత్రం చూడలేకపోయింది.

సోమవారం ఆంబ్రోస్ బస్సెక్కలేదు. మంగళవారమూ ఎక్కలేదు. బుధవారం అతని కారు ఎదురుగా వచ్చి వెళ్లిపోయింది. ఇద్దరూ అద్దాల్లోంచి రోడ్డునే చూశారు.

గురువారం చర్చ రానే వచ్చింది. గొప్పింటి పేదింటి తేడాలు ఈ దేశంలో పోయాయా, లేదా? పోయాయని హెటీ చెప్పాలి, పోలేదని ఆంబ్రోస్ చెప్పాలి. విషయం నెల ముందే ఖాయమైంది. మానేద్దామనుకుంది హెటీ. పారిపోయిందనుకుంటాడని వెళ్లింది. ఐవీ కూడా వచ్చి రెండో వరసలో కూర్చుంది.

హెటీ లేచి నిలబడింది. రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేసింది.

"తేడాలు పోయాయని చెప్పడానికి వచ్చాను. చెప్పలేను. మొన్న ఆదివారం ఒక ఇంటివాళ్లు పిలిస్తే వెళ్లి, వానలో ముప్పావుగంట తలుపు కొట్టాను. లోపల రేడియో మోగుతోంది. తియ్యలేదు. అంతకంటే నా దగ్గర చెప్పడానికేం లేదండీ."

ఆంబ్రోస్ తన వంతు రాకుండానే లేచాడు. పికిల్స్ గంట కొట్టినా కూర్చోలేదు.

"ఏ తలుపు కొట్టావు?"

"మీ తలుపే."

"నేను గంటన్నర తలుపు బార్లా తెరిచి మెట్ల మీద కూర్చున్నాను హెటీ! ఆ తలుపు నాన్న శవపేటిక వెళ్లాక మళ్లీ తియ్యలేదు. గొళ్లాలు తుప్పు పట్టిపోయాయి. శనివారమంతా నూనె పోసి, సుత్తితో కొట్టి తీశాను. నీ కోసం."

"ముందు తలుపా?" అంది హెటీ.

ఆమె ఆ తలుపు వైపు చూడను కూడా లేదు. గేటు దాటగానే కాళ్లు వాటంతట అవే వెనకవైపుకు తిరిగాయి. వానకు తల వంచుకుని, ముందు మెట్ల మీంచి కనబడని గుర్రపుశాల చాటునుంచి పెరటి తలుపు దగ్గరకే వెళ్లింది. ఎందుకలా వెళ్లిందో అడిగితే తనకే తెలియదు.

"పెరటి తలుపు మా ఇంట్లో ఎవ్వరూ కొట్టరు. దానికి గడియే లేదు. మేమంతా అటునుంచే తోసుకుని వచ్చేస్తాం" అన్నాడు ఆంబ్రోస్ నెమ్మదిగా. "అమ్మ వంటింట్లోనే ఉంది. ఆవిడకి చెవుడు, అందుకే రేడియో అంత గట్టిగా పెడుతుంది."

రెండో వరసలో ఐవీ కుర్చీ పట్టుకుని లేచింది.

"తప్పు నాది. దానికి ఐదేళ్లప్పుడు నాతో పనికి తీసుకెళ్లేదాన్ని. ఓ రోజు ముందు మెట్లెక్కింది. పనివాళ్లం పెరటి దారినే వెళ్లాలి కదా, దిగమని చేతి మీద ఒక్కటిచ్చాను."

"అమ్మమ్మా, నాకది గుర్తే లేదు."

"నీకు లేదే. నీ కాళ్లకుంది" అంది ఐవీ. ఎనభయ్యొక్కేళ్ల మనిషి నలుగురిలో కళ్లు తుడుచుకుంది.

హెటీ అధ్యక్షుడి వైపు తిరిగింది. "నేను ఓడిపోయాను పికిల్స్ గారూ. నా ఓటు కూడా అటే వేసుకోండి."

పికిల్స్ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, "టీ తాగండి అందరూ" అన్నాడు. ఆ సభ చరిత్రలో ఓట్లు లెక్కపెట్టని చర్చ అదొక్కటే.

కప్పుల తొట్టి దగ్గర ఇద్దరే మిగిలారు.

"గెలిచారు కదా, సంతోషమేనా?" అంది హెటీ.

"నేను మాత్రం తక్కువ తిన్నానా? నువ్వు రాకపోతే, ఏమైందో కనుక్కుందామని కొండ దిగానా? మా ఇల్లు చూసి జడిసిందిలే అనుకున్నాను. రాజు వద్దని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ని, మెట్ల మీద రాజులా కూర్చుని నువ్వే రావాలని చూశాను. నాలుగు రోజులు!"

"బస్సు ఎక్కితే అడిగేదాన్ని."

"ఎక్కాలంటే భయమేసింది. ఇష్టం లేదంటావేమోనని."

హెటీ సబ్బు నురగ చేతులతోనే అతని చెయ్యి పట్టుకుంది. "ఇష్టమే. ఆ మూడు రోజులూ నీ సీట్లో ఎవరు కూర్చున్నా అద్దంలో చూసి వాళ్ల మీద కోప్పడ్డాను. చాలా ఇష్టం."

తర్వాతి ఆదివారం ఐవీని కూడా పిలిచారు. తెరిపిచ్చిన ఆకాశం కింద మనవరాలి చెయ్యి పట్టుకుని ఆమె ముందు మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. పాదాలు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

ఆంబ్రోస్ తల్లి ఎదురొచ్చి రెండు చేతులూ చాపింది. "రండి మిసెస్ హోల్‌రాయిడ్."

ఇరవై రెండేళ్లూ ఆ నోట 'ఐవీ' తప్ప, ఇలా ఇంటిపేరుతో మర్యాదగా పిలుపు ఎన్నడూ రాలేదు. ముసలామె ఆ చేతులు అందుకుంది.

"ఐవీ అనే పిలవండమ్మా, అలవాటైపోయింది" అని గొంతు పెంచింది. "కాకపోతే నేనూ మిమ్మల్ని పేరు పెట్టే పిలుస్తాను."

"తప్పకుండా!"

"అయితే కాన్‌స్టన్స్, పొయ్యిలో మాంసం మాడుతోంది. వాసన ఇక్కడికే వస్తోంది."

అని గుమ్మం దాటి, హాలుకు అడ్డంగా నడిచి, తిన్నగా వంటింట్లోకి వెళ్లిపోయింది. కాన్‌స్టన్స్ ఆమె వెనకే పరుగెత్తింది.

గుమ్మంలో ఇద్దరే మిగిలారు.

"మరి రాజు సంగతేంటి?" అన్నాడు ఆంబ్రోస్.

"రాజు ఉంటాడు. అందులో నేను తగ్గేది లేదు."

"మరి నువ్వు?"

హెటీ ఆ తెరిచిన తలుపునూ, అతన్నీ చూసింది.

"నేనూ ఉంటాను. నువ్వు సరిగ్గా అడిగితే."

అడిగాడు.