కోర్టులో అన్న ఊఁ

తాగాడా, తాగలేదా?

తిమ్మక్క ఈ ప్రశ్నను ఏళ్ళ తరబడి మోస్తూనే ఉంది. పొద్దున్నే దేవుడి పటాల ముందు దీపం వెలిగించేటప్పుడు అది ఆమె పక్కనే వచ్చి కూర్చుంటుంది. స్వామికి తెలియనిది లేదు గదా, ఒక్కమాట చెప్పకూడదా అని ఆమె మనసులోనే అడుగుతుంది. పటం లోపలి స్వామి నవ్వుతూనే ఉంటాడు, జవాబు మాత్రం రాదు.

కూతురు చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఏడు ఆమె భర్త గోవిందప్ప అయ్యప్ప మాల వేసుకున్నాడు. టెంపో డ్రైవరు కావడంతో మాలలో ఉన్నా పని మానలేదు. మదనపల్లె మార్కెట్టులో టమోటా లోడు ఎత్తుకుని పోతుంటే పుంగనూరు దాటినాక పోలీసులు బండి ఆపారు. మరుసటి రోజు కోర్టులో నిలబెట్టారు. తాగి బండి నడిపినట్టు ఒప్పుకుంటావా అని జడ్జి అడిగితే ఒప్పుకున్నాడట. ఆ మాట అతని కన్నా ముందు తోటి డ్రైవరు నోట ఇంటికి చేరింది. సాయంత్రం గోవిందప్ప వచ్చేసరికి మెడలో మాల లేదు.

తిమ్మక్క అడిగింది ఆ ఒక్కసారే.

"తాగితివా?"

"తాగలే."

"మరి యాల ఒప్పుకుంటివి?"

గోవిందప్ప తల వంచుకున్నాడు. ఆ తల మళ్ళీ ఆమె వైపు లేవలేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో గొడవ లేదు. గొడవ ఉన్నా బాగుండేదని తిమ్మక్కకు ఒక్కోసారి అనిపించేది. అతను వేళకు వస్తాడు. ఆమె పెట్టిన సంగటి తింటాడు. చెయ్యి కడుక్కుని అరుగు మీద కూర్చుంటాడు. కూతురు శ్వేత చిన్నగా ఉన్నన్నాళ్ళూ మాటలన్నీ ఆ పిల్ల మీదుగానే నడిచేవి. "మీ నాయనకు నీళ్ళు పొయ్యి" అని ఒకరు, "మీ అమ్మను టవలు ఇమ్మను" అని ఇంకొకరు. శ్వేత చదువు ముగించి, కుప్పంలో ఒక ల్యాబులో ఉద్యోగానికి పోయాక మాటలు మోసే మనిషి కూడా లేకుండా పోయింది. పక్కింటి రేడియోలో వచ్చే వార్తలే ఆ ఇంట్లో వినిపించే మనుషుల గొంతులు. పండగ రోజు కూడా తిమ్మక్క ఒక్కతే గుడికి పోయి, ఒక్కతే వచ్చేది.

ఆ ఆదివారం పొద్దున శ్వేత చెప్పా పెట్టకుండా దిగింది. తిమ్మక్క పొయ్యి మీద రాగి పిండి కలుపుతూ ఉంది. బ్యాగు గోడకు ఆనించి శ్వేత పీట మీద కూలబడింది.

"అమ్మా, నన్ను పోలీసులు ఆపినారు. కేసు రాసినారు."

తిమ్మక్క చేతిలో తెడ్డు ఆగిపోయింది. "ఏం జేస్తివే పాపా?"

"నేనేం జెయ్యలే. స్కూటీలో డ్యూటీకి పోతాంటే ఒక జీపు అడ్డం వచ్చింది. తప్పించుకోబోయి అరటిపండ్ల బండికి తగిలినా. జీపోడు ఆగకుండా పాయ. కానిస్టేబుల్ వచ్చేటప్పటికి ఆడ నేనొక్కదాన్నే ఉంటి. నిర్లక్ష్యంగా నడిపినానని రాసుకునె."

"దెబ్బలేమన్నా తగిలెనా?"

"లేదు లేమ్మా. లైసెన్సు ఇమ్మంటే ఇచ్చినా. రసీదు ఇయ్యి సార్ అంటి. ఏం సెక్షనో సెప్పు సార్ అంటి. 'ఏమ్మా, లాయరు చదివినావా?' అనె. 'లేదు సార్, రక్తం పరీక్షలు చేసేదాన్ని, మీకు బీపీ ఎక్కినట్టుండాది' అంటి. నవ్వి రసీదు రాసిచ్చె."

తిమ్మక్కకు నవ్వు రాలేదు. "కోర్టుకు పోవాల్నా?"

"ఊఁ. వచ్చే వారం."

"పెండ్లి కావాల్సిన పిల్ల. ఆ మెట్లు ఎక్కేది దిగేది నలుగురూ సూస్తే ఏమనుకుంటారు? తప్పయిందని ఒక్కమాట ఒప్పుకుని, జరిమానా కట్టి వచ్చేయి. ఒక్క పొద్దుతో పీడ పోతాది."

"ఒప్పుకోవద్దు!"

ఆ గొంతు అరుగు మీది నుంచి వచ్చింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు. గోవిందప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ప్రాణం పోయినా ఒప్పుకోవద్దు పాపా. చెయ్యని దానికి ఊఁ అనొద్దు."

ఇన్నేళ్ళూ తిమ్మక్క మోసిన ప్రశ్న ఒక్కసారిగా బయటికొచ్చింది. "సెప్పొచ్చినాడమ్మా పెద్దమనిషి! నువ్వు ఒప్పుకుంటివి గదా ఆ పొద్దు? మెడలో మాల పెట్టుకుని ఒప్పుకుంటివి గదా? నువ్వు తాగింటే ఒప్పుకునేది న్యాయం. తాగకుంటే యాల ఒప్పుకుంటివి? ఈ పొద్దన్నా సెప్పు!"

"ఏం కేసో నాకు తెలీదే తిమ్మీ." గోవిందప్ప గోడ పట్టుకున్నాడు. "ఆ పొద్దు నాకు జరం. కండ్లు ఎర్రగా ఉండె, కాళ్ళు తూలె. లోడు కూడా ఎక్కువుండె. లోడు కేసు రాసినారనుకుంటి. కోర్టులో నా ముందరున్నోళ్ళంతా లోడెక్కువైనోళ్ళే. అందరూ ఊఁ అంటాండారు. నా పేరు పిలిస్తే నేనూ ఊఁ అంటి. మండీకి వచ్చినాక తోటి డ్రైవర్లు సెప్తేనే తెలిసింది, నేను దేనికి ఊఁ అంటినో."

"ఏం కేసో తెలీకుండా ఎవురన్నా ఒప్పుకుంటారా? సిన్నపిల్లోడు గూడా నమ్మడు!"

గోవిందప్ప మళ్ళీ అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. శ్వేత తల్లి వైపు, తండ్రి వీపు వైపు మార్చి మార్చి చూసింది.

"నాయనా, నిన్ను ఆస్పత్రికి తీసుకపోయిరా? ఊది సూపించమన్నారా, రక్తం తీసిరా?"

"ఏమీ లేదు పాపా."

"అయితే నువ్వు ఒప్పుకోకుంటే వాళ్ళు తాగినావని ఎట్ల రుజువు చేస్తారు? మా ల్యాబు దగ్గర న్యాయ సదస్సు పెట్టినప్పుడు ఒక లాయరమ్మ సెప్పె. ఏం నేరమో అర్థం కాకుంటే మళ్ళా సెప్పమని జడ్జిని అడగొచ్చంట. కాదంటే, రుజువు చేసే భారం వాళ్ళదేనంట."

"ఆ మాట ఆ పొద్దు నాకు ఎవురూ సెప్పలేదు పాపా" అన్నాడు గోవిందప్ప, వీధి వైపు చూస్తూనే.

వాయిదా రోజు ముగ్గురూ కుప్పం బస్సెక్కారు. పుంగనూరు వచ్చినప్పుడు గోవిందప్ప కిటికీ వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు. తిమ్మక్క అది చూసింది. చూడనట్టు కొంగు సర్దుకుంది.

కోర్టు హాలులో వాకిలి పక్కనున్న వెనక బెంచీలో తిమ్మక్క కూర్చుంది. ఇలాంటి చోటికి రావడం ఆమెకు అదే మొదలు. జడ్జి గారు నిదానంగానే అడుగుతున్నారు. వినేవాళ్ళే నిదానంగా లేరు. పేరు పిలవగానే మనిషి పరుగెత్తి పోయి చేతులు కట్టుకుంటాడు. మాట పూర్తి కాకముందే తల ఊపుతాడు. ఊఁ అంటాడు, పక్కకు వస్తాడు. వెంటనే ఇంకొకడు. అందరి కళ్ళూ నేల మీదే ఉన్నాయి. గుళ్ళో హారతి కళ్ళకద్దుకునే వేగంతో నేరాలు ఒప్పుకుంటున్నారు.

ఒక ముసలి ఆటో డ్రైవరు కూడా అలాగే ఊఁ అని బయటికొచ్చి, వాకిలి దగ్గర బంట్రోతును అడిగాడు.

"అప్పా, నాకు ఏం కేసు పెట్టినారు?"

"స్పీడు కేసు."

"స్పీడా? నా ఆటోనా? దాన్ని ఎద్దులబండ్లు గూడా దాటుకుని పోతాయి కదప్పా! లైటు లేదని గదా నన్ను పట్టుకునింది?"

"లోపల అడిగితే ఊఁ అంటివి గదా తాతా?"

"అందరూ అంటాండారని అంటి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తిమ్మక్క నవ్వలేదు. ఆ ముసలాయన తువ్వాలు నలుపుకుంటూ, ఏమీ పాలుపోక నిలబడిన తీరు చూస్తుంటే ఆమె కళ్ళు మసకబారాయి. అక్కడ నిలబడింది ముసలాయన కాదు. జ్వరంతో తూలుతూ, ముందువాడి వీపు చూస్తూ, దేనికో తెలియకుండా తల ఊపిన మనిషి.

అంతలో శ్వేత పేరు పిలిచారు. "ఒప్పుకోను సార్" అనే మాట వెనక బెంచీ దాకా స్పష్టంగా వినిపించింది. జడ్జి గారు తల ఎత్తి చూసి, సాక్షులను పిలవమని వాయిదా వేశారు.

గోవిందప్ప ప్రహరీ గోడ నీడలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తిమ్మక్క బయటికి పోయి అతని పక్కన కూర్చుంది.

"ఒగటి అడగతా. తాగలేదంటివి. నమ్మినా. మరి మాల యాల తీస్తివి?"

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "తాగింటే తప్పు. తాగినానని అబద్ధానికి ఊఁ అనింది తప్పు గాదా? సామి నా మెడలో ఉండంగా అంటి. ఆ నోటితో శరణం ఎట్ల పలికేది? అందుకే గుడికి పోయి తీసేస్తి."

"నాకు సెప్పకూడదా?"

"సెప్తే నమ్ముతావా? కోర్టే రాసుకునిందే."

అతను మాల తీసిన రోజునే తిమ్మక్క తీర్పు రాసేసింది. ఒక్క సాక్షిని కూడా అడగలేదు. వాయిదా కూడా వేయలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అటు పోయేవాళ్ళు ఎవరికో శిక్ష పడిందనుకున్నారు.

"ఏడవొద్దు లేవే" అన్నాడు గోవిందప్ప. "నాకు బాధంతా ఒగటే. శ్వేతకు విషజరం వచ్చినప్పుడు నెయ్యి టెంకాయ మొక్కుకుంటి. ఆ మాలతోనే తీరాల్సింది. సామికి బాకీ పడిపోతి."

తర్వాతి వాయిదాలో అరటిపండ్ల బండి ఆయన వచ్చి, జీపు అడ్డం రావడం తాను చూశానని చెప్పాడు. శ్వేత మీద కేసు కొట్టేశారు.

కార్తీకంలో గోవిందప్ప మళ్ళీ మాల వేసుకున్నాడు. తెల్లవారకముందే తిమ్మక్క లేచి అతనికి నీళ్ళు కాచింది. మార్కెట్టులో ఎవరో పాత మాట ఎత్తబోతే, "నా మొగుడు తాగలే. జరంలో ఉండె" అని నడివీధిలో నిలబడి చెప్పింది.

ఇరుముడి కట్టే రోజు గుడి మండపంలో గురుస్వామి సుబ్బరాయుడు టెంకాయకు రంధ్రం చేసి, నీళ్ళు వంచి, గోవిందప్ప చేతుల్లో పెట్టాడు. గోవిందప్ప దాన్ని రెండు చేతులా పట్టుకుని తిమ్మక్క ముందు మోకరిల్లాడు. ఇంట్లో తనే వెన్న కాచి తెచ్చిన వేడి నెయ్యిని ఆమె సన్నటి ధారగా పోసింది. ధార జారి ఒక చుక్క అతని వేలి మీద పడింది.

"సామీ, కాలిందా?"

"లేదు తల్లీ. పొయ్యి."

టెంకాయ నిండింది. గురుస్వామి రంధ్రాన్ని మూసి, ముద్ర వేసి, ఇరుముడిలో పెట్టాడు.