తువ్వాలు లేని భుజం

ఆ ఆదివారం పొద్దున రామలక్ష్మమ్మ ఉగ్గాని చేద్దామని బొరుగులు నానబెట్టి పిండుతోంది. వసారాలో యుద్ధం అప్పుడే మొదలైపోయింది. ఆమె మొగుడు తిమ్మప్ప, తమ్ముడు దివాకర్ ఒకచోట కూర్చుంటే చాలు, ప్రపంచంలో గొప్ప బాక్సర్ ఎవరన్న పంచాయితీయే; ఏళ్ళ తరబడి అది తెగడం లేదు. వాన లేక చెనక్కాయ చేను ఎండుతోంది, ఆ సంగతి మాత్రం మహానుభావులకు పట్టదు.

"టైసనే బావా! ఇరవై ఏండ్లకే ఛాంపియన్ అయినాడు. అంత చిన్న వయసులో ఇంగెవరన్నా అయినారా?" అన్నాడు దివాకర్.

"అయినాడులే! ఆనక హోలీఫీల్డ్ చెవి కొరికినాడు. కొరికేటోడు బాక్సరేమప్పా? అలీని చూడు. మనీలాలో పద్నాలుగు రౌండ్లు ఫ్రేజియర్‌ను కొట్టినాడు, వాని చేత కొట్టించుకున్యాడు. అయినా నిలబడినాడు. నిలబడినోడే గొప్పోడు."

"ఫ్రేజియర్ నిలబడలేదా మరి? వాని ట్రైనరు ఆపకపోయింటే..."

"ఆ ట్రైనరు మాట ఎత్తొద్దు నాకాడ!" తిమ్మప్ప గొంతు లేచింది. "ఒగే ఒగ రౌండు మిగిలిండాది. పిరికోడు, ఆపేసినాడు!"

ఆ కోపం ఎవరి మీదో రామలక్ష్మమ్మకు తెలుసు. పెళ్ళికి ముందు తిమ్మప్ప పటాలంలో బాక్సరు. రెజిమెంటు ఫైనల్లో అతను దెబ్బలు తింటుంటే, శిక్షణ ఇచ్చిన ఉస్తాదు రింగులోకి తువ్వాలు విసిరాడు. తువ్వాలు పడిందంటే ఆట ముగిసినట్టే. ఆ రోజు నుంచి తిమ్మప్ప భుజాన తువ్వాలు వేసుకోలేదు. కంబదూరులో తువ్వాలు లేకుండా గడప దాటే మగవాడు ఇంకొకడు లేడు. పెళ్ళిలో మామగారు కప్పిన కొత్త తువ్వాలును సైతం తీసి పక్కన పెట్టిన ఘనుడు.

ఆ ఓడిపోయిన ఆటను ఇప్పుడు కూతురు హేమ చేత గెలిపించాలి. పద్దెనిమిదేళ్ళ పిల్ల. పోయిన ఆదివారం అనంతపురంలో జిల్లా పోటీల్లో గెలిచింది. బుధవారం రాష్ట్ర పోటీలకు హైదరాబాదు పోవాలి. ఊరంతా పొగిడింది గానీ, మూడో రౌండులో చెవి మీద పడిన దెబ్బ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ వారమంతా రామలక్ష్మమ్మ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతోంది. సోమవారం హేమ కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టబోయి గాలిలో వదిలేసింది. గురువారం గోడ పట్టుకుని నడిచింది. ఏమైందే అంటే తల్లి చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"నాయనకు చెప్పనని ఒట్టెయ్‌మా. చెప్తే హైదరాబాదుకు పంపడు. నాయన ఎన్నేండ్ల నుంచి కాచుకోనుండాడో నీకు తెల్దా?"

పిచ్చి తల్లి, వేసింది. ఇప్పుడు నోరు విప్పితే ఒట్టు తప్పినట్టు. ఆ పాపం తగిలేది ఎక్కడ? దెబ్బ తగిలిన ఆ తలకే! చెప్తే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో అన్న భయంతో ఆమెకు అన్నం సయించడం లేదు.

"హేమా! రా, గ్లోవ్సు తొడుక్కో. మీ మామకు చూపిద్దాము అలీ దెబ్బ ఎట్లుంటాదో," అని తిమ్మప్ప చేతులకు దెబ్బలు కాచుకునే ప్యాడ్లు తగిలించుకుని వాకిట్లోకి దిగాడు.

రామలక్ష్మమ్మ బొరుగులు అట్లాగే వదిలేసి గడపలోకి వచ్చింది.

మొదటి దెబ్బ ప్యాడు మీదే పడింది. రెండోది ప్యాడు అంచున జారింది. మూడోది జానెడు దూరంలో ఉత్త గాలిని కొట్టింది. హేమ తూలింది.

"యాడ కొడతాండావు? ప్యాడు ఈడుండాది! చేతులెత్తు!"

హేమ ముఖం తెల్లగా పాలిపోయింది. అయినా చేతులెత్తింది. తిమ్మప్ప ఆమె నెత్తి మీదుగా ప్యాడు విసిరాడు, వంగి తప్పించుకోవడం నేర్పడానికి. ఆ పిల్ల వంగలేదు. ప్యాడు వెంట్రుకలను రాసుకుంటూ పోయింది.

"దేవుడా!" అంది రామలక్ష్మమ్మ. బొరుగులు పిండిన చేతులు తుడుచుకునే వంటింటి తువ్వాలు తడిగా భుజానే ఉంది. లాగి, ఇద్దరి మధ్యన మట్టిలోకి విసిరికొట్టింది.

దివాకర్ లేచి నిలబడ్డాడు. తువ్వాలును చూసిన తిమ్మప్పకు దవడలు బిగుసుకున్నాయి.

"ఏమే ఇది? నా ఇంట్లో, నా కండ్ల ముందర తువ్వాలు ఏస్తావా? నీకేం తెలుసునని ఏసినావు?"

"తెలిసిందాన్ని నోటితో చెప్పనని ఒట్టేసినా. తువ్వాలు ఏయనని ఒట్టేయలేదు!" ఆమె గడప దిగి కూతురి పక్కకు వచ్చి నిలబడింది. "ముప్పై ఏండ్లుగా మీ పంచాయితీ వింటాండా. అది పడితే ఆట అయిపోయినట్లే గదా? అయిపోయింది. మీ అలీ చేతులు ఎట్ల వణుకుతాండాయో టీవీలో నువ్వే చూపిస్తివే! నా బిడ్డను అట్ల చూడలేనయ్యా."

తిమ్మప్ప కూతురి వైపు చూశాడు. మొదటిసారి సరిగ్గా చూశాడు. ఆ కళ్ళు అతని మీద నిలవడం లేదు. మెల్లగా రెండు చేతులూ ఎత్తాడు.

"హేమా, ఎన్ని ప్యాడ్లుండాయి నా చేతులకు?"

హేమ తల్లిని చూసింది, తువ్వాలును చూసింది.

"నాలుగుండాయి నాయనా. వారం నుంచీ అంతే."

తిమ్మప్ప ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఆ పొద్దు నాకూ ముందర ఇద్దరు కనపడినారే," అన్నాడు భార్యతో. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట. "యా మనిషిని కొట్టాల్నో తెల్లేదు. ఉస్తాదుకు అది తెలిసిపోయింది. తువ్వాలు ఏసి నన్ను కాపాడినాడు. నేను ఆయన్ని తిట్టుకుంటా బతికినా. బిడ్డ తూలతాంటే చేతులెత్తు అని అరిచినా."

ఉగ్గాని ఎవరూ తినలేదు. దివాకర్ జీపులో అనంతపురం ఆసుపత్రికి పోయేదాకా హేమ తల తల్లి ఒడిలో ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా రామలక్ష్మమ్మ ఆ తలను రెండు చేతులా పట్టుకుంది. చెప్పకుండా చెప్పింది కాబట్టి ఒట్టు తప్పినట్టా, కాదా? దారిపొడుగునా కనిపించిన దేవుళ్ళందరినీ అదే అడిగింది.

మధ్యాహ్నానికి స్కానింగు ఫోటోలు చూసి డాక్టరు బయటికి వచ్చాడు. "తలలో కొంచెం రక్తం గూడు కట్టింది. మందులతో కరుగుతుంది, భయం లేదు. కానీ దీని మీద ఇంకొక దెబ్బ పడి ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఇక బాక్సింగ్ మాట మరిచిపోండి."

రామలక్ష్మమ్మ గోడకు ఆనుకుని భోరుమంది. తిమ్మప్ప బెంచీ మీద కూర్చుని తన చేతులను చూసుకుంటున్నాడు. దివాకర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఊరుకో బావా. పాపకు నయమైతాదిలే. టైసనో అలీనో ఇంటికి పోయినాక తేల్చుకుందాము."

"తేలిపోయిందప్పా," అన్నాడు తిమ్మప్ప. "మనీలాలో ఆట ఆపినాడే, ఆయనే గొప్పోడు. ఆయనా, మా ఉస్తాదూ. బతికుండాడో లేదో, ఒగ జాబన్నా రాయకపోతిని."

భార్య వైపు తిరిగాడు. "ఆ తువ్వాలు యాడ పెట్టినావు?"

తొందరలో చేతికందినవన్నీ కుక్కి తెచ్చిన సంచిలోంచి ఆమె దాన్ని తీసింది. ఒక కొసన పసుపు మరక, ఇంకో కొసన వాకిలి మట్టి.

"వంటింటిదయ్యా ఇది. ఇంటికి పోయినాక మంచిది ఇస్తాలే."

"ఇదే ఉండనీ," అని తిమ్మప్ప దాన్ని భుజాన వేసుకున్నాడు. లోపలి నుంచి "నాయనా" అని హేమ పిలిచింది. ఆ మట్టికొసతోనే కళ్ళు తుడుచుకుని, భార్య చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు.